లోయ మధ్యలో లోయ బొమ్మ ఎందుకు?

అరకు లాంటి చోట పెద్ద పార్కు కట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా వెంటనే ఇంకో మాట వినిపిస్తుంది: "ఇక్కడి థీమే పెడదాం. గిరిజన గుడిసెలు, థింసా, విల్లంబులు. ప్రాంతానికి గుర్తింపు వస్తుంది." మనలో చదువుకున్నవాళ్లు కూడా దీనికి తలూపుతున్నారు. నేను ఊపను. చుట్టూ మనుషులు బతికి ఉండగా వాళ్ల బొమ్మల్ని గేటు లోపల నిలబెట్టి టికెట్టు అమ్మితే గుర్తింపు ఎవరికి?

ఈ ప్రయోగం అమెరికాలో జరిగిందే. డిస్నీ సంస్థ 2001లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, కాలిఫోర్నియా థీమ్‌తోనే ఒక పార్కు తెరిచింది. అసలు కాలిఫోర్నియా బయటే ఉండగా లోపల నకలు ఎందుకన్నారు. అనుకున్నంత జనం రాలేదు. చివరికి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి 2012 నాటికి దాన్ని మార్చుకున్నారు. అక్కడ పోయింది డబ్బే.

దాని పక్కనే ఉన్న పాత పార్కు డిస్నీల్యాండ్ కథ మనకు ఇంకా దగ్గరిది. 1955లో మొదలైన ఆ పార్కులో 'ఇండియన్ విలేజ్' అని ఒకటి ఉండేది. ఆ దేశపు ఆదివాసులు అక్కడ సందర్శకుల ముందు నాట్యం చేసేవారు. 1971లో దాన్ని మూసేశారు. మరుసటి ఏడు అదే చోట పాటలు పాడే మరబొమ్మ ఎలుగుబంట్లను పెట్టారు. థీమ్ పెట్టిన యజమానికి థీమ్ మార్చే హక్కూ ఉంటుంది. మనుషులు పోయి ఎలుగుబంట్లు వస్తే అడిగేవాడు ఉండడు.

మన దగ్గర చూడండి. థింసా చైత్రమాసపు పండుగది, పెళ్లిది. ఊరంతా వరస కట్టి, తుడుం, డప్పు, మోరి మోగుతుంటే తెల్లవార్లూ ఆడేది. రిసార్టులో అది అతిథుల భోజనాల వేళకు సర్దుకుంటుంది. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ దండారి రోజుల దీక్ష. దాన్ని సభల్లో నాయకుల స్వాగతానికి నిలబెడుతున్నారు. నెమలి ఈకల టోపీ కనబడుతుంది, దీక్ష కనబడదు. థీమ్ పార్కు ఈ పనినే ఏడాది పొడుగునా చేస్తుంది.

టీచరుగా నా భయం పిల్లల గురించి. ఆ పార్కులో గుడిసె ఉంటుంది, బడి ఉండదు. విల్లు ఉంటుంది, పోడు పట్టా కోసం తిరిగే రైతు ఉండడు. కాఫీ తోట ఉంటుంది, గింజ ధర గురించి బేరమాడే తల్లి ఉండదు. అది చూసి బయటికొచ్చిన మన పిల్ల, ఆదివాసీ అంటే అద్దాల వెనకున్న పాత బొమ్మ అనుకుంటే తప్పు ఆ పిల్లదా?

"ఉపాధి వస్తుంది కదా మాస్టారూ" అంటారు. వస్తుంది. నాట్యం చేసినందుకు దినకూలి, గేటు దగ్గర కాపలా, గదులు తుడిచే పని. టికెట్టు డబ్బు లెక్క చూసే కుర్చీ మాత్రం ఎవరిది? అది మనది కానప్పుడు, మన బతుకుకు మనమే కూలీలం.

మన చేతిలో చట్టం లేకపోలేదు. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు. కాబట్టి 1996 పెసా చట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి. సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభదని అందులో రాసి ఉంది. అంటే భూమి ఒక్కటే కాదు, థీమ్ కూడా గ్రామసభ తేల్చాల్సిన విషయమే.

పార్కే కావాలంటే రంగులరాట్నం పెట్టండి, రాకెట్టు పెట్టండి, డైనోసార్ పెట్టండి. మా పిల్లలూ ఎక్కి ఆడుకుంటారు. మా బతుకును చూపించాలంటే ముందు గ్రామసభకు రండి. ఏది చూపాలో, ఏది చూపకూడదో, ఏ భాషలో చెప్పాలో, లెక్కలు ఎవరు రాయాలో అక్కడ తేలాలి. వద్దంటే వద్దనే.

యువకులారా, పార్కు మాట మీ ఊరికి వచ్చిన రోజున పెసా కాగితం చేతిలో పెట్టుకుని సభలో కూర్చోండి. ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలకు మన సంస్కృతి చూపించాలంటే బస్సు మాట్లాడనక్కర్లేదు. ఊళ్లో పెద్దమ్మను బడికి పిలవండి.