లెగ్ పీస్ సరే... మరి బ్రెస్ట్ పీస్ సంగతేంటి?

ఆదివారం కోడికూర గిన్నె మధ్యలో పెట్టగానే ముందు మాయమయ్యేది లెగ్ పీసే. దాని కోసం అన్నాదమ్ముళ్లు కొట్టుకున్న ఇళ్లు మన దగ్గర బోలెడు. చివరిదాకా గిన్నె అడుగున మిగిలిపోయేది మాత్రం బ్రెస్ట్ పీస్. జిమ్‌కి వెళ్లే బ్యాచ్ తప్ప దాన్ని ఇష్టపడి అడిగేవాళ్లు తక్కువ. ఎందుకంటే పీచు పీచుగా ఉంటుంది, మసాలా లోపలికి పోదు, నమిలితే నోరు ఎండిపోతుంది. బాయిలర్ కోడి పరిస్థితే ఇలా ఉంటే నాటుకోడి, టర్కీ కోడి గురించి చెప్పక్కర్లేదు.

మా బీటెక్ బ్యాచ్ దోస్తు ఒకడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడ లైసెన్స్ తీసుకుని సీజన్‌లో అడవి టర్కీలను వేటాడొచ్చు. మేలో వాళ్ల ఆఫీసు కొలీగ్ ఒకాయన వేటకెళ్లొచ్చి, కిలో పైన తూగే రొమ్ము మాంసం వీడికి ప్రేమగా ఇచ్చాడు. మనోడు దాన్ని కూర ముక్కలు కొట్టి, కుక్కర్‌లో నాలుగు విజిల్స్ పెట్టాడు. తర్వాత నాకు వాయిస్ మెసేజ్: "రేయ్, రబ్బరు చెప్పు నమిలినట్టే ఉందిరా. సగం ఇంకా ఫ్రిజ్‌లనే ఉంది. అమ్మనడిగి చెప్పు."

అమ్మ టర్కీని ఎప్పుడూ వండలేదు. అయినా మెసేజ్ వినగానే తేల్చేసింది. "గంతసేపు ఉడికిస్తే ఇంకేముంటది కొడుకా, పీచే మిగులుతది. కాళ్లకు వేరే లెక్క, రొమ్ముకు వేరే లెక్క."

ఆ లెక్క మా ఇంట్లో సరదాకి నేర్చుకున్నది కాదు. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు, ఇంట్లో తిండి టైమ్‌ని షిఫ్టే నిర్ణయిస్తుంది. సెకండ్ షిఫ్ట్ రోజైతే మధ్యాహ్నం వండిన కూర రాత్రి బాపు వచ్చేదాకా ఆగాల్సిందే. మళ్లీ వేడి చేస్తే లెగ్ పీస్ ఇంకా రుచిగా అవుతుంది, రొమ్ము ముక్క గడ్డి అవుతుంది. అందుకే బాపు ఏళ్ల తరబడి కాలు, తోలు, మెడ తప్ప వేరే ముక్క ముట్టలేదు.

రెండేళ్ల కింద ఆయన గుండెకు స్టెంట్ వేశారు. కొవ్వు తగ్గించమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, చికెన్ తినాలంటే తోలు తీసిన బ్రెస్ట్ పీస్ తినమన్నారు. తోలు లేకుండా వండిన 100 గ్రాముల కోడి రొమ్ములో సుమారు 30 గ్రాముల ప్రొటీన్, మూడు నాలుగు గ్రాముల కొవ్వు ఉంటాయి. కాగితం మీద బ్రహ్మాండం. కంచంలోకి వచ్చేసరికి బాపు రెండు ముక్కలు నమిలి, "నాకొద్దు, చారు పొయ్యి" అనేవాడు. మందుల చీటీలో ఏముంటే అది తింటాడు గానీ ఆదివారం కూర మీద ఆశ పోయిందంటే మనిషి డల్ అయిపోతాడు. అందుకే అమ్మ, నేను కలిసి ఈ ముక్క పని పట్టాం.

ముందు అది ఎందుకు ఎండుతుందో చూద్దాం. కాలు బాగా కష్టపడే కండ. దాంట్లో కొవ్వు, కొలాజెన్ ఎక్కువ. ఎక్కువసేపు ఉడికితే ఆ కొలాజెన్ కరిగి జిగురులా మారి ముక్క మెత్తబడుతుంది. రొమ్ములో ఆ రెండూ తక్కువ. వేడి 65 డిగ్రీలు దాటుతుంటే కండలోని ప్రొటీన్ గట్టిగా బిగుసుకుని, పిండిన బట్టలా నీళ్లు బయటికి కక్కేస్తుంది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలు. నాలుగు విజిల్స్ అంటే రొమ్ముకు శిక్షే. అలాగని పచ్చిగా తినలేం. ముక్క మధ్యలో 74 డిగ్రీలు వస్తే కోడి అయినా టర్కీ అయినా తినడానికి సేఫ్. కాబట్టి టార్గెట్ సింపుల్: 74కి చేరాలి, అక్కడే ఆపాలి. ఫుడ్ థర్మామీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఒకటి కొని పెట్టుకోండి.

ఇక పద్ధతులు.

ఒకటి, ఉప్పునీళ్లు. లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, రొమ్మును ముక్కలు చేయకుండా అందులో ముంచి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు ఉంచాలి. ఉప్పు కండలోకి వెళ్లి ప్రొటీన్ మరీ బిగుసుకోకుండా చేస్తుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. కూరలో మళ్లీ ఉప్పు వేసేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టండి. మా దోస్తు అడవి టర్కీకి ఇదే చెప్పాం. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లకు మాత్రం ఇది వద్దు.

రెండు, పెరుగు. బాపు కోసం మేం చేసేది ఇదే. అరకిలో రొమ్ముకు కప్పు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, చిటికెడు ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. పెరుగులోని పులుపు నెమ్మదిగా మెత్తబరుస్తుంది. ముదురు పక్షి అయితే వండే ముందు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద కలిపి అరగంట ఉంచొచ్చు. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పైన పేస్టులా అయిపోతుంది.

మూడు, కోసే తీరు. రొమ్ము మీద గీతల్లా కండ దారాలు కనిపిస్తాయి. వాటి వెంట కోస్తే పొడుగు పీచు నోట్లోకి వస్తుంది. అడ్డంగా కోస్తే ఆ దారాలు పొట్టిగా తెగి నమలడం తేలికవుతుంది. రూపాయి ఖర్చు లేదు, తేడా మాత్రం మొదటి ముద్దకే తెలుస్తుంది. అలా అర అంగుళం మందాన కోసి, కాలిన ఇనుప పెనం మీద చెంచా నూనెతో ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు వేయించి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. జొన్న రొట్టెలోకి సూపర్.

నాలుగు, పులుసు. కాళ్లు, రెక్కలు, బొక్కలు ముందు కుక్కర్‌లో వేసి ఉల్లిగడ్డ, కొబ్బరి, గసగసాల మసాలాతో ఉడికించాలి. నాటుకోడికైనా టర్కీకైనా విజిల్స్ అన్నీ వీటికే. ప్రెషర్ పోయాక మూత తీసి, అప్పుడు రొమ్ము ముక్కలు వేసి సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచాలి. విజిల్ పెట్టొద్దు. రసం బొక్కలది, మెత్తదనం రొమ్ముది. అమ్మ చెప్పిన రెండు లెక్కలు ఒకే గిన్నెలో సరిపోయాయి.

ఐదు, ఖీమా. ముక్క ఎలాగూ పీచే అనుకుంటే ఆ పీచు లేకుండా కొట్టేయడమే. కత్తితో సన్నగా కొట్టి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఎక్కువ వేసి, మెంతికూరతో వండితే ఉల్లిలోని తడి కాపాడుతుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు ఇది బెస్ట్. బాపు ఇప్పుడు ఆదివారం అడిగేది మెంతి ఖీమానే. మొదటిసారి తిన్నప్పుడు మెచ్చుకోలేదు గానీ, "గిన్నెల ఇంకుందా?" అన్నాడు. మా ఇంట్లో అది ఫైవ్ స్టార్ రేటింగ్.

టర్కీ మన దగ్గరా దొరుకుతుంది. ఊళ్లలో కొందరు పెరట్లో పెంచుతారు, ఐదారు కిలోలు సులువుగా తూగుతుంది. పేరు చూసి టర్కీ దేశానిది అనుకోకండి, దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. తమాషా ఏంటంటే టర్కీ దేశంలో దీన్ని 'హిందీ' అంటారు, అంటే ఇండియాది అని!

వేటాడిన పక్షి విషయంలో ఒక జాగ్రత్త. మాంసంలో చిన్న చిన్న గుండ్లు ఉండిపోతాయి, అవి సీసంవి కూడా కావొచ్చు. వేలితో తడిమి తీసేసి, గుండు తగిలి నల్లబడ్డ చోటు కోసి పడేయాలి. మా దోస్తుకి రెండు దొరికాయి.

అలాగని ఈ కాలమ్ చదివి ఎవరైనా అడవికోడి కోసం మంథని, కాటారం వైపు ఫోన్లు కొట్టొద్దు. అక్కడ లైసెన్స్ వేట ఉంది, ఇక్కడ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవికోడి, నెమలి లాంటి పక్షులను చంపడమే కాదు, ఆ మాంసం కొనడం, ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరం. పైగా వేటగాళ్లు అడవి జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగలకు మనుషులు, పులులు బలైన ఘటనలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒక కూర గిన్నెకు అంత ఖరీదు అవసరం లేదు. పెంచిన నాటుకోడి, పెంచిన టర్కీ చాలు.

ఈ ఆదివారం చికెన్ సెంటర్‌కి వెళ్తే అలవాటుగా "కూర కట్ కొట్టన్నా" అనకండి. "రొమ్ము విడిగా, ముక్క చేయకుండా పెట్టు" అని చెప్పండి. మిగతాది కూరకు, రొమ్ము పెరుగులోకి. ఇంట్లో డాక్టర్ చెప్పాడని చప్పిడి తిండి తింటున్న పెద్దాయనో పెద్దమ్మో ఉంటే మొదటి ముక్క వాళ్లకే వడ్డించండి.