తలనొప్పికి దోషి ఎవరు?

పరీక్షలు సమీపించగానే తలనొప్పి అనే మాట తరగతి గదులలో తరచుగా వినవస్తుంది. వెంటనే నింద ఏదో ఒక తినుబండారంపై పడుతుంది. ఒకరు చాక్లెట్ అంటారు, మరొకరు నూడుల్స్‌లోని అజినమోటో అంటారు. విచారణ లేకుండా తీర్పు చెప్పడం విద్యార్థులకు తగదని నా అభిప్రాయం.

అజినమోటో సంగతే చూడండి. చైనీయ భోజనం తరువాత మెడ వెనుక తిమ్మిరి, గుండెదడ కలుగుతున్నవని 1968లో అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాశారు. ఆనాటి నుండి దానిపై అపవాదు నిలిచిపోయింది. కాని ఏది తింటున్నారో తెలియనీయకుండా ఆహారంతో కలిపి ఇచ్చిన పరీక్షలలో ఆ ఆరోపణ నిలకడగా రుజువు కాలేదు. చాక్లెట్ విషయం మరింత విచిత్రం. పార్శ్వపు నొప్పి మొదలయ్యే ముందే కొందరికి తీపిపై కోరిక పుడుతుంది. కారణమనుకొన్నది కొన్నిసార్లు లక్షణమే కావచ్చు.

మన గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్, నాంపల్లి వీధులలో ముందుగా అనుమానించవలసినది ఇరానీ చాయ్‌ని. రోజూ నాలుగైదు కప్పులు త్రాగేవారు హఠాత్తుగా మానితే, 12 నుండి 24 గంటలలో కెఫీన్ లోటు వల్ల తలనొప్పి రావచ్చు. రంజాన్ తొలి రోజాలలో కొందరు పడే బాధకు ఇది ఒక కారణం. వారం ముందునుండే కప్పులు తగ్గించుకొంటూ, సహరీ మానకుండా వుంటే ఎంతో ఉపశమనం. ఇతర దినాలలో ఉదయపు భోజనం మాని, చాయ్, ఉస్మానియా బిస్కట్లతో మధ్యాహ్నం దాకా గడిపేవారికి ఆకలే శత్రువు.

కనుక మిత్రులారా, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. నొప్పి వచ్చిన వేళ, అంతకు ముందు తిన్నది, త్రాగిన చాయ్, నిద్రించిన గంటలు రెండు నెలలపాటు వ్రాయండి. అనుమానం కలిగిన పదార్థాన్ని ఒక్కదానినే కొన్ని వారాలు మాని, తిరిగి తిని చూడండి. అన్నీ ఒకేసారి మానితే దోషి దొరకదు, దేహం క్షీణిస్తుంది. అయితే హఠాత్తుగా భరించరాని నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, చూపు మసకబారినా పుస్తకం ప్రక్కన పెట్టి వెంటనే వైద్యుని చేరాలి.

కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. భోజన విరామాన్ని కుదించకండి. త్రాగునీటికి లోటు రానీయకండి. ఆకలిగొన్న తలకు ఎంతటి పాఠమైనా ఎక్కదు.