బ్రేకు దగ్గర పొదుపు

ఈ నెల మా పొరపాటు ఒకటి పాఠకుల ముందు పెట్టదలచుకున్నాము. ఇతరులకు హితవు చెప్పే స్థానంలో ఉన్నవారు తమ తప్పును దాచుకుంటే, ఆ తప్పు మరొక ఇంట్లో మళ్లీ జరుగుతుంది.

రెండేళ్ల క్రితం, ఒకనాడు అసర్ నమాజు తర్వాత మాకు బాగా తెలిసిన ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. కుమారుడు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. గేర్ల సైకిలు కావాలన్నాడు. తిరుపతిలో అతని మేనమామ కొడుకులు తెల్లవారుజామున చంద్రగిరి వైపు, కళ్యాణి డ్యాం వైపు సైకిళ్ల మీద వెళ్తారట. వారితో తానూ వెళ్లాలని ఆశ. దుకాణంలో తండ్రి రెండు సైకిళ్లు చూసి వచ్చారు. మొదటిది చూడటానికి మోటారుసైకిలులా ఉంది. ముందూ వెనుకా షాక్ అబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, మెరిసే రంగు. ధర తక్కువ. రెండోది సాదాగా ఉంది. వెనుక షాక్ అబ్జార్బర్ లేదు, గేర్లు కూడా తక్కువే. కానీ బ్రేకులు, గేర్లు పేరున్న కంపెనీవి కాబట్టి ధర ఎక్కువ.

"మౌల్వీ సాబ్, ఏది తీసుకోమంటారు?" అని అడిగారు.

మేము ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "రెండింటికీ ఉన్నవి రెండే చక్రాలు. తక్కువ ధరదే తీసుకోండి. కంపెనీ పేరుకు డబ్బు పోయడం దుబారా" అన్నాము. ఆయన సంతోషంగా వెళ్లి మొదటిది కొన్నారు. మితవ్యయం బోధించామని మేమూ తృప్తిపడ్డాము.

ఎనిమిది నెలలు గడిచాయి. చిత్తూరు నుండి పలమనేరు వెళ్లే దారిలో మొగిలి ఘాట్ ఉంది. చెన్నై, బెంగళూరుల మధ్య తిరిగే లారీలతో ఆ దారి ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. పలమనేరు చిత్తూరు కంటే మూడు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది గనుక తిరుగు ప్రయాణమంతా దిగుడే. ఆ కుర్రవాడు పలమనేరు వెళ్లి తిరిగి వస్తూ ఘాట్ దిగుతున్నాడు. మలుపు దగ్గర ముందున్న లారీ వేగం తగ్గించింది. ఇతడు బ్రేకు లివరు నొక్కితే అది హ్యాండిల్‌కు ఆనుకుపోయింది గానీ సైకిలు ఆగలేదు. లారీ కిందికి పోకుండా ఉండటానికి పక్కనున్న కంకరలోకి తిప్పి పడ్డాడు. భుజం దగ్గరి ఎముక విరిగింది. అల్లాహ్ దయవల్ల ప్రాణానికి ముప్పు తప్పింది.

ఆసుపత్రి మంచం పక్కన ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని మేము ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ సైకిలును మేమే ఒక పాత మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్లాము. నలభై ఏళ్లుగా సైకిళ్లు విప్పి బిగిస్తున్న మనిషి. ఆయన చక్రం తీసి చూపిస్తూ, "సామీ, డిస్కు ఉంటే చాలదు. దాన్ని పట్టుకునేది గట్టిగా ఉండాల గదా" అన్నారు. తీగతో పనిచేసే డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి రెండు ప్యాడ్లలో ఒకటే కదులుతుంది. అది డిస్కును రెండోదాని మీదికి నెడుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లివరు మరింత దూరం నొక్కవలసి వస్తుంది. అందుకే ఎప్పటికప్పుడు మరలు తిప్పి సరిచేయాలి. ఈ సైకిలుకు ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ పని జరగలేదు. ప్యాడ్లు ఇనుము కనిపించేదాకా అరిగిపోయాయి. వాటిని పట్టుకున్న భాగం పలచటి రేకు. గట్టిగా నొక్కితే అదే వంగుతోంది. వెనుక షాక్ అబ్జార్బర్‌ను మేస్త్రీ చేత్తో అదిమి వదిలారు. అది ఎగిరెగిరి పడింది. ఊపును అణచే ఏర్పాటే అందులో లేదు, ఉన్నది ఒక్క స్ప్రింగే. ఎక్కుడులో కుర్రవాడు తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేది.

అప్పుడు మాకు అర్థమైంది. మేము దుబారా అని తోసిపుచ్చిన సైకిలులో డబ్బు బ్రేకుల్లో ఉంది. పొదుపు అని మెచ్చుకున్న సైకిలులో డబ్బు రంగులో, స్ప్రింగుల్లో ఉంది. ఆడంబరాన్ని పొదుపు అనుకున్నాము, అవసరాన్ని ఆడంబరం అనుకున్నాము.

మా తండ్రిగారికి ఒక హెర్క్యులిస్ సైకిలు ఉండేది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మొదలైన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి సైకిళ్లు అప్పట్లో మన ప్రాంతమంతటా కనిపించేవి. దానికి ఉన్నవి రాడ్ బ్రేకులు. వానలో తడిస్తే వాటిని నమ్మడానికి లేదు. ఆయన దిగుడు రాగానే సైకిలు దిగి, నడిపించుకుంటూ పోయేవారు. తన బ్రేకు ఎంతవరకు ఆపగలదో ఆయనకు తెలుసు. డిస్క్ బ్రేకు బొమ్మను చూసి ధైర్యపడిన ఈ కుర్రవాడికి అది తెలియదు. తెలుసుకోమని చెప్పవలసిన మేమూ చెప్పలేదు.

కొండ దారిలో నడిపే సైకిళ్ల చరిత్రే బ్రేకుల కథతో మొదలవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో టమాల్‌పైస్ అనే కొండ చుట్టుపక్కల, 1970ల్లో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్లతో మట్టిదారుల్లో దిగేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ ఒక పోటీ పెట్టుకున్నారు. రెండు మైళ్లకు కాస్త అటూఇటూగా సాగే దారిలో సుమారు 1300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. అందుకే ఆ పోటీకి 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది. ఆ యువకులు క్రమంగా డ్రమ్ము బ్రేకులు, మోటారుసైకిలు బ్రేకు లివర్లు, తర్వాత గేర్లు తెచ్చి బిగించుకున్నారు. ఈనాటి మౌంటెన్ బైకు అలా పుట్టింది. వారు డబ్బు పెట్టింది ముందుగా ప్రాణం ఆధారపడిన చోట.

మళ్లీ మన కథకు వద్దాము. ఎముక అతుక్కున్న తర్వాత ఆ తండ్రి మరోసారి వచ్చారు. ఈసారి చేతిలో ఒక కాగితం ఉంది. కుమారుడు రాసిన జాబితా అది. అన్నీ అత్యంత ఖరీదైన భాగాలు. "పిల్లవాడి ప్రాణం ముందు డబ్బు లెక్కా, మౌల్వీ సాబ్? మా ఇంటామె గాజులు కుదువ పెడతాను" అన్నారు. మొదటిసారి మా మాట వల్ల అటు ఒరిగిన తక్కెడ, భయం వల్ల ఇప్పుడు ఇటు ఒరిగింది. పిసినారితనం, దుబారా రెంటికీ మధ్య నడవమని మన ధర్మం నేర్పుతుంది. అయితే ఆ నడిమి దారి ఎక్కడుందో వస్తువు గురించి తెలియకుండా చెప్పలేము. అందుకని ఈసారి తీర్పు చెప్పలేదు. తండ్రీకొడుకులను వెంటబెట్టుకుని అదే మేస్త్రీ దగ్గర ఒక పూట కూర్చున్నాము. అక్కడ తెలుసుకున్నది క్లుప్తంగా చెబుతాము.

సైకిలు గేర్లు, బ్రేకులు తయారుచేసే కంపెనీల్లో పెద్దది జపాన్‌కు చెందిన షిమానో. 1921లో సకాయ్ పట్టణంలో మొదలైంది. మౌంటెన్ బైకుల కోసం అది ఏళ్ల తరబడి అమ్మిన వరుసలు కింది నుండి పైకి ఇలా ఉంటాయి: టూర్నీ, ఆల్టస్, ఎసేరా, అలీవియో, డియోర్, ఎస్ఎల్ఎక్స్, ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్. 2023లో కింది వరుసలు కొన్నింటి స్థానంలో క్యూస్ అనే కొత్త పేరు తెచ్చింది. అన్నింటికన్నా కింది మెట్టు నుండి మధ్య మెట్టుకు ఎక్కితే తేడా చేతికీ కాలికీ తెలుస్తుంది. గేరు తడబడకుండా పడుతుంది, బ్రేకు గట్టిగా పడుతుంది, భాగాలు ఎక్కువ కాలం మన్నుతాయి. మధ్య నుండి పై మెట్లకు ఎక్కేకొద్దీ డబ్బు త్వరగా పెరుగుతుంది, ప్రయోజనం నెమ్మదిగా పెరుగుతుంది. అక్కడ మనం కొనేది ఎక్కువగా తేలికదనాన్ని.

ఆ తేలికదనం విలువ ఎంత? లెక్క వేసి చూశాము. కుర్రవాడి బరువు 60 కిలోలు, సైకిలు 14 కిలోలు, మొత్తం 74. ఖరీదైన భాగాలతో అర కిలో తగ్గిందనుకుందాము. మొత్తంలో అది నూటికి ఒక వంతు కూడా కాదు. నలభై నిమిషాలు పట్టే ఎక్కుడులో కలిసివచ్చేది సుమారు పదహారు సెకన్లు. అర లీటరు నీళ్ల సీసా ఇంటి దగ్గర వదిలి వెళ్లినా అంతే తగ్గుతుంది. పందెంలో ఆ పదహారు సెకన్లతోనే గెలుపోటములు తేలవచ్చు. అలాంటివారికి అది పనిముట్టే, దాన్ని దుబారా అనము. తెల్లవారుజామున కళ్యాణి డ్యాం దాకా వెళ్లి వచ్చే విద్యార్థికి అది తల్లి గాజుల విలువ చేయదు.

మరొక సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. ఖరీదైనది తప్పక ఎక్కువ కాలం వస్తుందని అనుకుంటాము. అన్నిటా అది నిజం కాదు. అన్నింటికన్నా పై వరుసలో వెనుక పళ్ల చక్రాల్లో కొన్నింటిని బరువు తగ్గించడానికి అల్యూమినియంతోనో టైటానియంతోనో చేస్తారు. మధ్య రకంలోని ఉక్కు చక్రాలే వాటికంటే ఆలస్యంగా అరుగుతాయి. కీత్ బాంట్రాగర్ అనే అమెరికన్ సైకిలు నిర్మాత చెప్పినట్టు ప్రచారంలో ఉన్న మాట సారాంశం కూడా ఇదే: బలం, తేలిక, చవక, ఈ మూడింటిలో రెండే మనకు దక్కుతాయి. చవకనూ బలాన్నీ ఎంచుకుని కొంచెం బరువు మోయడం మనబోటి కుటుంబాలకు తగిన దారి.

జాబితాలోని ఖరీదైన భాగాలను పాత సైకిలుకే బిగించవచ్చా అని తండ్రి అడిగారు. మేస్త్రీ తల అడ్డంగా ఊపారు. ఆ సైకిలు వెనుక హబ్బుకు మర చుట్టి బిగించే ఫ్రీవీల్ ఉంది. పై రకం పళ్ల చక్రాలు దానికి ఎక్కవు. చక్రమే మార్చాలి. చక్రం మారిస్తే ఫ్రేము తగదు. గోనెసంచికి పట్టు అంచు కుట్టినట్టు అవుతుంది.

చివరకు ఆ జాబితాను మూడు భాగాలు చేసుకున్నాము. బ్రేకులు, టైర్లు, రిమ్ములు, ముందు ఫోర్కు, హ్యాండిల్ మొదటి భాగం. ఇక్కడ నమ్మకమైన రకం కంటే కిందికి దిగరాదు. చైను, పళ్ల చక్రాలు, బ్రేకు ప్యాడ్లు, తీగలు రెండో భాగం. ఇవి ఎలాగూ అరిగేవే కాబట్టి మధ్య రకం కొని వేళకు మార్చుకోవాలి. బరువు తగ్గించడానికీ నలుగురికీ చూపించడానికీ మాత్రమే పనికివచ్చేవి మూడో భాగం. వాటిని కొట్టివేశాము.

గాజులు ఇంట్లోనే ఉన్నాయి. వెనుక షాక్ అబ్జార్బర్ లేని సాదా సైకిలు ఒకటి కొన్నారు. దానికి మధ్య రకం గేర్లు, నూనె ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకులు ఉన్నాయి. ఈ రకం బ్రేకుల్లో ప్యాడ్లు అరిగినా లివరు దూరం చాలావరకు తనంతట తానే సరిపడుతుంది. అయినా ప్యాడ్లను చూడవలసిందే. పాత సైకిలును తుడిచి, రంగు మెరిపించి ఎవరికైనా అమ్ముదామని కుర్రవాడు అన్నాడు. లోపం చెప్పకుండా అమ్మితే మరొకరి బిడ్డను అదే ఘాట్‌లోకి పంపినట్టేనని తండ్రే వారించారు. మేస్త్రీకి సంగతంతా చెప్పి, విడిభాగాల ధరకు ఇచ్చేశారు.

చైను పరీక్షించే పద్ధతి కూడా మేస్త్రీ కుర్రవాడికి నేర్పారు. పాఠకులకూ పనికివస్తుంది. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో ఆనిస్తే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటి పోయిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే చైనుతోపాటు పళ్ల చక్రాలనూ మార్చవలసి వస్తుంది. ఖరీదైన భాగాలు కొని పట్టించుకోనివాడి కంటే మధ్య రకం కొని స్కేలు పట్టి చూసుకునేవాడి డబ్బే ఎక్కువ మిగులుతుంది.

ఆ తర్వాత మేము మరో పని చేశాము. మా మదర్సాకు ఇళ్ల నుండి సైకిళ్ల మీద వచ్చే పిల్లలు పదకొండు మంది. వారి సైకిళ్లు వరుసగా నిలబెట్టి బ్రేకులు నొక్కి చూశాము. నాలుగింటికి వెనుక బ్రేకు రబ్బర్లే లేవు. ఒకదానికి ముందు బ్రేకు తీగ తెగి వేలాడుతోంది. ఆ సైకిళ్లు మేము ఏళ్లుగా రోజూ చూస్తున్నవే. రబ్బర్లు, తీగ అన్నీ కలిపి అయిన ఖర్చు మేము ఒక వారంలో టీకి పెట్టే డబ్బు కంటే తక్కువ.

ఈ సంచిక చేతికి అందిన రోజున మీ వాకిట్లో ఉన్న పిల్లవాడి సైకిలు దగ్గరకు వెళ్లండి. లివరు నొక్కి పట్టి సైకిలును ముందుకు తోసి చూడండి. లివరు హ్యాండిల్‌కు తగిలినా, చక్రం తిరిగినా, పిల్లవాడిని మర్నాడు బడికి నడిపించి పంపండి. సైకిలును మేస్త్రీ దగ్గరకు పంపండి. రెండేళ్ల క్రితం మేము ఆ తండ్రికి చెప్పవలసిన మాట ఇదే.