పిల్లల మెడనొప్పికి నూనె రాసి ఊరుకోవద్దు



యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉంటున్న మాకు ఊరి నుంచి వచ్చే ఫోన్లు చాలావరకు దవాఖాన గురించే. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, పక్కనే పంజాగుట్ట నిమ్స్ ఉంది. ఇంకేం, అన్నీ మనకు తెలుసనుకుంటరు. అందుకే పిల్లల మెడనొప్పి గురించి మా మాట చెప్తున్నం.

పెద్దోళ్లకు మెడ పట్టేస్తే చాలాసార్లు దానంతటదే పోతది. ఐదారేళ్ల పిల్ల జ్వరంతో మెడ ఒక పక్కకు వంచి, తల తిప్పలేకపోతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గొంతు వెనక చీము పట్టి ఉండొచ్చు. మెనింజైటిస్ కావొచ్చు, వెన్నుపూస టీబీ కావొచ్చు. వీటికి ఆలస్యమే ప్రమాదం.

అరుదుగా ఇంకోటి ఉంటది. పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులో కాల్షియం పేరుకుంటది. ఎక్స్‌రేలో తెల్లగా కనబడేసరికి ఆపరేషనే అని ఇంట్లో ఏడుపులు మొదలైతయి. కానీ పిల్లల్లో ఇది ఎక్కువగా విశ్రాంతి, నొప్పి మందు, కొన్నాళ్లు మెడ పట్టీతోనే తగ్గుతది. నొప్పి కొన్ని వారాల్లో పోతది. పేరుకున్న కాల్షియం కూడా నెలల మీద చాలామందిలో కరిగిపోతది.

ఏది ఏదో తేల్చేది పరీక్షే. కింద పడ్డదా, జ్వరం ఉందా అని డాక్టర్ అడగాలె. చేతులు, కాళ్ల బలం చూడాలె. తర్వాత ఎక్స్‌రే, ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు. బలం తగ్గినా, అనుమానం తీరకపోయినా ఎమ్మారై. ఇందులో మొదటి మెట్లు పీహెచ్‌సీ, ఏరియా ఆస్పత్రిల్లోనే ఎక్కొచ్చు. కూలి పోగొట్టుకుని, అప్పు చేసి ముందే హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు. అక్కడ డాక్టర్ రాసి పంపితే పిల్లలకు నిలోఫర్ ఉంది, నిమ్స్ ఉంది. తోడు మేం వస్తం.

అయితే కాళ్లు చేతులు పట్టు తప్పినా, నడక తడబడినా, మూత్రం ఆగినా, గుటక పడకపోయినా, జ్వరంతో తలనొప్పి, వాంతులున్నా ఇంకేం ఆలోచించొద్దు. 108కి ఫోన్ చేయాలె. దెబ్బ తగిలి నొప్పి వస్తే మెడ కదపకుండా ఉంచాలె. మెడ విరిచి సరిచేస్తం అనేటోళ్ల చేతికి పిల్లను అస్సలు ఇవ్వొద్దు.

మా అసలు బాధ ఆశ్రమ పాఠశాలల పిల్లల గురించి. ఇంట్లో అయితే మెడ వంకర అమ్మ కంట్లో పడతది. హాస్టల్లో ఎవరి కంట్లో పడతది? గోళీ ఇచ్చి పంపుడుతో పని అయిపోయినట్టు కాదు. మెడ తిప్పలేని పిల్లను అదే రోజు డాక్టర్‌కు చూపించాలె, ఇంటికి ఫోన్ చేయాలె, రిజిస్టర్‌లో రాయాలె. ఇది దయ కాదు, ఆ పిల్ల హక్కు.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మన పాత బడికి ఒకసారి పోదాం. వార్డెన్ సార్‌కు, ఏఎన్ఎం అక్కకు ఈ మాట చెప్పొద్దాం.