నల్లేరు మీద బండి

సులువుగా సాగిపోయే పనిని "నల్లేరు మీద బండి నడక" అంటాము. క్లాసులో ఈ జాతీయం వచ్చినప్పుడల్లా పిల్లలను ఒక ప్రశ్న అడుగుతూంటాను: "నల్లేరును కళ్లతో చూసినవారెవరు? చెయ్యెత్తండి!" ఉద్యోగంలో చేరిన కొత్తలో సగం చేతులు లేచేవి. ఇప్పుడు ఒకటో రెండో లేస్తే గొప్ప. బండి చక్రాల కింద మెత్తగా నలిగి దారి ఇచ్చే ఆ తీగకు నాలుగు పలకల కాడ, బెత్తెడుకొక కణుపు. చూడబోతే ఎముకలను గొలుసుగా గుచ్చినట్టుంటుంది. అందుకే సంస్కృతంలో దాన్ని అస్థిశృంఖల అన్నారు. అస్థిసంహారమని మరో పేరు. ఆ పేరు వినగానే పిల్లలు హడలిపోతారు, ఎముకలను నాశనం చేస్తుందేమోనని! సంహారమంటే ఇక్కడ కలిపి కట్టడం. వేణీసంహార నాటకంలో ద్రౌపది జుట్టు ముడిపడడమే కదా కథ!

ఈ పాండిత్యమంతా నా దగ్గర ఉండగానే మా అమ్మ చెయ్యి వంకరపోయింది.

అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పల్లెలో ఒక్కతే ఉంటుంది. నిరుడు కార్తికమాసంలో తెల్లవారుజామున తులసికోట దగ్గర తడిబండ మీద కాలు జారి, అరచెయ్యి నేలకానించి పడింది. మణికట్టు వాచింది. పక్కింటివారు నల్లేరు నూరి కట్టుకట్టారు. "వాడికి పరీక్షల రోజులు, కబురు చెయ్యవద్దు" అన్నదట. మూడు వారాల తరువాత నేను వెళ్లి చూస్తే, వాపు తీసింది గాని చెయ్యి మణికట్టు దగ్గర వంగి ఉన్నది.

"ఏమిటమ్మా ఇది?" అంటే, "అతుక్కుందిరా నాయనా! నొప్పి కూడా తగ్గింది" అన్నది సంతోషంగా.

పట్నంలో డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, దీపానికి ఎదురుగా పట్టి చూశారు. "మేష్టారూ, ఇందులో నల్లేరు తప్పేమీ లేదండీ. విరిగిన ఎముక దానంతటదే అతుక్కుంటుంది. తిన్నగా పెట్టి, కదలకుండా ఉంచేవారు లేకపోతే ఇలాగే వంకరగా అతుక్కుంటుంది. అది అలా ఉంచండి. నిలుచున్న మనిషి పడినంతమాత్రాన ఇంతగా విరగకూడదు. ఎముక లోపల పలచబడింది. అమ్మగారు ఏం తింటారు?" అని అడిగారు.

నేను తెల్లబోయాను. నలభై నాలుగేళ్లుగా ఆవిడ వండినది తింటున్నాను. ఆవిడ ఏం తింటుందో ఏనాడూ చూడలేదు.

ఆనాటినుంచి కావ్యాలు కాస్త పక్కనబెట్టి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఎముక అంటే ఎండుకర్ర కాదట. నిత్యమూ ఒక పక్క పడగొడుతూ, మరో పక్క కట్టుకుంటూ వచ్చే ఇల్లు. ఆడవారిలో ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోతుంది. దానితో పడగొట్టేవారి జోరు ఎక్కువై, కట్టేవారు వెనకబడతారు. పైకి నొప్పి లేదు, జ్వరం లేదు. పడి విరిగిననాడు గాని సంగతి బయటపడదు.

మరి నల్లేరు మాటేమిటి? అది వట్టి నమ్మకం కాదు. 1960 ప్రాంతాలలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఉడుప, డాక్టర్ ప్రసాద్ గారలు జంతువుల మీద పరీక్షించి, నల్లేరు ఇచ్చినవాటికి విరిగిన ఎముక త్వరగా అతుక్కున్నదని రాశారు. అందులోని స్టెరాయిడ్ జాతి పదార్థాలు అందుకు కారణమని అనుకున్నారు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. వాటిని చూసి డాక్టరు దగ్గరకు వెళ్లడం మానుకోకూడదు. సోయాచిక్కుడులో ఉండే ఐసోఫ్లేవన్లు ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటాయి. వాటివల్ల ఎముకకు కొన్ని పరీక్షలలో కాస్త మేలు కనిపించింది, కొన్నిటిలో ఏమీ కనిపించలేదు.

నల్లేరు ముట్టుకుంటే చేతులు దురదపెట్టడం వండినవారందరికీ తెలుసు. దానిలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కాల్షియం, ఆక్సాలిక్ ఆమ్లం కలిసి గట్టిపడినవే అవి. ఈ ఆమ్లమే మన ఆకుకూరల్లోనూ తిష్టవేసుకుని, కాల్షియాన్ని పేగుల్లోకి ఇంకనివ్వకుండా పట్టుకుంటుంది. 1988లో అమెరికాలో హీనీ అనే వైద్యుడు, ఆయన సహచరులు కొలిచి చూశారు. పాలలోని కాల్షియం నూటికి 28 పాళ్ల దాకా ఒంటికి పట్టింది. పాలకూరలోది 5 పాళ్లే! కూరలో ఎంత ఉన్నదన్నది ఒక లెక్క, ఒంటికి ఎంత పట్టిందన్నది ఇంకొక లెక్క.

అలాగని పాలకూర మానేయమని కాదు. ఆకుకూరల్లోని కె విటమిను కూడా ఎముకకు అవసరమే. కాని కాల్షియానికి ఆ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పాలకూర, తోటకూరలలో ఈ ఆమ్లం ఎక్కువ. మెంతికూర, ములగాకులలో బాగా తక్కువ. మా పెరట్లో ములగచెట్టు ఉన్నది. కాయలు మేము తింటాము, ఆకు మేకలు తింటాయి!

ఇక రాగుల సంగతి. కొన్నిచోట్ల చోళ్లంటారు, తెలంగాణంలో తైదలంటారు. నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. మనం మల్లెపువ్వుల్లా వండుకునే పాలిష్ బియ్యంలో పదికి మించదు. రాగులలోనూ ఫైటిక్ ఆమ్లమనే అడ్డు ఒకటి ఉన్నది. రాత్రి నానబోసి, మూటకట్టి మొలక రానిచ్చి, ఎండబెట్టి విసిరితే ఆ అడ్డు చాలావరకు తగ్గుతుంది. చంటిపిల్లల జావకు మన అమ్మమ్మలు చేసిన పద్ధతి ఇదే.

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన ఆడవారికి 1200 కావాలని 2020లో మన పోషకాహార శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. గ్లాసెడు పాలలో దాదాపు 240, యాభై గ్రాముల రాగిపిండిలో 175 దాకా వస్తాయి. నువ్వులపొడి, పెరుగు, మెంతికూర తోడైతే మరికొంత. వీటితోపాటు కాస్త ఎండలో తిరగాలి, డి విటమిను లేనిదే కాల్షియం పేగుల్లో సరిగా ఇంకదు.

ఈ లెక్కలు పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. కూపీ లాగితే తేలినది ఇది: పాలు మాకు కాఫీకి, పెరుగు మాకు భోజనానికి. అందరూ తిన్నాక ఆవిడకు మిగిలినది అన్నమూ, పచ్చడీ, నీళ్లమజ్జిగా. మేము రెక్కలు వచ్చి వెళ్లిపోయిన తరువాత కూడా ఆ అలవాటు అలాగే నిలిచిపోయింది. "నా ఒక్కదానికీ పాలెందుకురా, దండుగ!" అన్నది.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ఉదయం రాగిజావ తాగుతుంది, "కూలికెళ్లేవాళ్ల తిండి నాకు పెడుతున్నావా?" అని విసుక్కుంటూనే. డాక్టరుగారిచ్చిన మందులు వాడుతోంది. ఎముక ఇక తరగకుండా చూడవచ్చును గాని మణికట్టు మాత్రం తిన్నబడదన్నారు. తడిబట్ట పిండలేదు, పచ్చడి నూరలేదు.

మొన్న ఆదివారం నల్లేరు పచ్చడి తినాలని ఉందన్నది. లేత కాడలు ఏరి తెచ్చి ఈనెలు తీయడానికి నేనే కూర్చున్నాను. వంకర చేత్తో నూనెగిన్నె ముందుకు జరిపి, "ముందు చేతులకు రాసుకో నాయనా, దురద పెడుతుంది" అన్నది.

ఆ పూట మొదటి ముద్ద ఆవిడ కంచంలోనే వడ్డించాము.