చట్టం లేని లా కమిషన్

దేశంలోని చట్టాలన్నీ సరిచేయమని ఒక సంస్థను పెట్టిండ్రు. ఆ సంస్థకే చట్టం లేదు! 1955లో ఎం.సి. సెతల్వాద్ అధ్యక్షతన మొదలైన లా కమిషన్ నేటికీ కేంద్రం ఇచ్చే ఒక ఉత్తర్వు మీదనే బతుకుతున్నది. గడువు మూడేండ్లు. అది తీరితే దుకాణం బంద్. పైసలు న్యాయశాఖవి. ఆ శాఖ కార్యదర్శులిద్దరు పదవి రీత్యా సభ్యులు. తనంతట తాను అంశాలు చేపట్టవచ్చని కాగితం మీద రాసి ఉన్నది, కాదనం. కానీ అన్నం పెట్టే చెయ్యిని కాదని ఎంత దూరం పోగలదు?

2018 ఆగస్టు 31న 21వ కమిషన్ గడువు ముగిసింది. తర్వాతి కమిషన్‌కు ఉత్తర్వు 2020 ఫిబ్రవరిలో, అధ్యక్షుడు 2022 నవంబర్‌లో వచ్చిండ్రు. నాలుగేండ్లకు పైగా ఖాళీ కుర్చీ. సరిగ్గా ఆ నడుమనే, 2020 మేలో, కేంద్ర హోంశాఖ వేరే కమిటీ వేసి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం మూడింటినీ దాని చేతిలో పెట్టింది. పోలీసు వ్యవహారాలు చూసే శాఖే పోలీసు అధికారాల చట్టాన్ని తిరగరాయించిందన్న మాట! 2023 డిసెంబర్‌లో వందకు పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉండగా పార్లమెంటు ఆమోదించింది. 2024 జూలై 1 నుంచి అమలు.

దీంతో మనకేంది అనుకునే విద్యార్థి మిత్రులు, ఉద్యోగ మిత్రులు ఒక్క ముచ్చట వినాలె. తప్పుడు కేసులో జైలు పాలై, ఏండ్ల తర్వాత నిర్దోషిగా బయటికొచ్చినోనికి సర్కారు పరిహారం ఇవ్వాలని, అందుకు ప్రత్యేక కోర్టులు పెట్టాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో చెప్పింది. కొత్త సంహితలో అది లేదు. కారణం లేకుండా అరెస్టు చేయించినోడు కట్టాల్సిన సొమ్ము మాత్రం పాత చట్టంలో ఉన్నట్టే వెయ్యి రూపాయలకు మించదట. వెయ్యి! ధర్నాకు పోయి కేసుల పాలై, వాయిదాల చుట్టూ తిరిగిన మనకు అది ఎన్ని వాయిదాల బస్సు కిరాయికి వస్తదో తెలుసు.

ఇంగ్లండ్‌లో లా కమిషన్‌కు 1965 నాటి చట్టం అండ ఉన్నది. సిఫారసులు ఎందుకు అమలు కాలేదో మంత్రి ఏటా పార్లమెంటుకు చెప్పాలని 2009లో ఇంకో చట్టం తెచ్చిండ్రు. అక్కడా పైసలు మంత్రిత్వశాఖవే, కానీ జవాబు చెప్పక తప్పదు. అయితే చట్టం ఒక్కటే సరిపోదు. కెనడాలో చట్టంతో ఏర్పడిన కమిషన్‌కే 2006లో నిధులు ఆపేసిండ్రు. చట్టం పుస్తకంలో అట్లనే ఉన్నది, కమిషన్ మూతపడ్డది. మళ్లీ తెరవడానికి 2023 దాకా పట్టింది.

అందుకే మా డిమాండ్ రెండు ముక్కలు. లా కమిషన్‌కు చట్టం కావాలె, దాని బడ్జెట్ న్యాయశాఖ దయ మీద కాకుండా పార్లమెంటు ద్వారా రావాలె. 2024 సెప్టెంబర్ 1న మొదలైన 23వ కమిషన్‌కు అధ్యక్షుడు దొరికింది 2025 ఏప్రిల్‌లో. మూడేండ్ల గడువులో ఏడు నెలలు అట్లనే కరిగిపోయినయి.