మన ‘కొను’యు, స్పానిషువారి ‘సే’యు

పరభాష నేర్వబూనిన విద్యార్థికి దారిలో అడ్డు తగులునవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. ‘వ్యవసాయము’, ‘న్యాయస్థానము’ వంటి వానికి సరియగు పదము నిఘంటువునందు దొరకును. ‘నన్ను’, ‘దానిని’, ‘తన్ను’ అను వానిని వాక్యములో ఎచ్చట నిలుపవలెనో, ఎప్పుడు విడువవలెనో నిఘంటువు చెప్పజాలదు. స్పానిషు భాష నేర్చువారు మే, తే, లో, లా, సే అను ఏకాక్షర శబ్దముల యొద్ద చతికిలబడుటకు కారణ మిదియే. ఈ శబ్దములను మన బాలురకు ఇంగ్లీషు త్రోవను బోధించుట చుట్టుదారి యనియు, తెలుగు త్రోవ దగ్గరదారి యనియు నా యభిప్రాయము. దానికి గల హేతువులను ఇచ్చట విన్నవించెదను.

శ్రీకాకుళములో స్పానిషు భాష యెవనికి కావలెనని కొందఱు నవ్వవచ్చును. కెనడా బాప్టిస్టు మిషనువారు 1874లో కాకినాడయందు పని యారంభించి క్రమముగా మన ప్రాంతములకు వచ్చిరి. అదే కెనడా సంఘములవారు 1898లో ఆర్చిబాల్డు రీకీ గారిని దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమునకు పంపిరి. ఒకే దేశమునుండి బయలుదేరిన వారిలో ఇచ్చటికి వచ్చినవారు మన ‘కొను’ను, అచ్చటికి పోయినవారు స్పానిషు ‘సే’ను నేర్వవలసివచ్చినది. నేడు మన జిల్లాల యువకులు ఓడలలో కొలువునకై దేశదేశముల రేవులకు పోవుచున్నారు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునందు స్పానిషు బోధింపబడుచునే యున్నది. కావున ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు.

మొదట కర్మను గూర్చి. నా బాల్యమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడు నన్ను, “పుస్తకము తెచ్చితివా?” అని ఇంగ్లీషులో అడిగెను. నేను “అవునండీ, తెచ్చితిని” అని తెలుగులో తలపోసి, ఆ తలపును ఇంగ్లీషున బెట్టి, ‘ఇట్’ అను మాటను విడిచితిని. ఆ దినమంతయు బల్లపై నిలువబడితిని. నేను చేసినది తప్పే. అయినను ఆ తప్పు ఎచ్చటనుండి వచ్చెనో నాకెవ్వరును చెప్పరైరి. తెలుగున “తెచ్చితిని” అన్నంతనే కర్మ తెలియుచున్నది, దానిని మరల పలుకనక్కఱలేదు. ఇంగ్లీషువలెనే స్పానిషులోను పలికి తీరవలయును: “సీ, లో త్రాహే.” ఆ ‘లో’ యే ‘దానిని’. ‘మన భాషలో మౌనముగా నుండునది అచ్చట నోరు విప్పును’ అని ఆనాడు ఒక్క మాట చెప్పియుండిన, బల్లయెక్కవలసిన పని తప్పెడిది.

ఇంకొక సంగతి చూడుడు. “పుస్తకము చూచితిని” అందుము, “బాలుని చూచితిని” అందుము. ప్రాణములేని దానికి ద్వితీయావిభక్తి లేకున్నను సాగును. మనుష్యునకు అది లేనిచో వాక్యము కుంటును. జడవాచకములకు ద్వితీయకు మాఱుగా ప్రథమ వచ్చునని మన వ్యాకరణములు చెప్పుచునే యున్నవి. స్పానిషు వాడును అట్లే “వేయో ఎల్ లిబ్రో” అని పుస్తకమునకు ఏమియు చేర్చక, “వేయో ఆ హువాన్” అని మనుష్యునకు ‘ఆ’ యను శబ్దమును చేర్చును. ఇంగ్లీషులో ఈ భేదము లేనేలేదు. ఇంగ్లీషు మూలమున నేర్చువానికి ఇది వింత నియమము. తెలుగు బాలునకు ఇది ఇంటిలోని అలవాటు. కాని అతనికి ఆ మాట చెప్పువారేరీ?

ఇక ఆత్మార్థకమునకు వత్తము. అసలు రసము ఇచ్చటనే యున్నది. వండుట వేఱు, వండుకొనుట వేఱు. సంస్కృతమున ‘పచతి’ యనినచో పరులకై వండుననియు, ‘పచతే’ యనినచో ఫలము కర్తకే చెందుననియు పాణినీయులు విభజించిరి. ఆ భేదమును మనవారు ‘కొను’ అను ఒక్క ధాతువుతో సాధించిరి. చదువురాని అవ్వయు “వండుకున్నాను” అనుటలో పొరపాటు పడదు. ఆమె మనుమడు “సేసుకున్నాడు” అని పలికినను, చకారము సకారమైనదే గాని, ‘కొను’ తన చోటు తప్పలేదు.

ఇప్పుడు స్పానిషును దీని ప్రక్కన నుంచుడు. “చేతులు కడుగుకొన్నాను” అని మనమందుము. ‘నా చేతులు’ అనము, కడుగుకొన్నవి ఎవరివో క్రియయే చెప్పుచున్నది. స్పానిషు వాడు “మే లావో లాస్ మానోస్” అనును. అతడును ‘నా’ యనడు. ఇంగ్లీషువాడు మాత్రము ‘నా చేతులను కడుగుచున్నాను’ అని స్వామిత్వమును చాటుకొనును. తండ్రి కుమార్తెకు పెండ్లి చేయును, కుమార్తె పెండ్లి చేసికొనును. స్పానిషులో “ఎల్ పాద్రే కాసా ఆ సు ఇహా”, “లా ఇహా సే కాసా.” ఇంగ్లీషున రెండింటికిని ఒకే క్రియ, గుర్తేమియు లేదు. పిల్లలు కొట్టుకొనుచున్నారనిన ఒకరినొకరు అని యర్థము. అచ్చటను ‘సే’ యే. “తలుపు తెరచుకొనెను” – “లా పువెర్తా సే అబ్రియో.” తెరచిన వాడెవడు? గాలియో, దెయ్యమో, మనకక్కఱలేదు. రెండు భాషలును ఆ కర్తను ఒకే ఉపాయముతో మఱుగుపఱచినవి. ఒకదాని నుండి యొకటి పుట్టని భాషలు ఇంత దూరమున నుండి ఇట్లు కలియుట నాకు నేటికిని ఆశ్చర్యము.

అట్లని ప్రతి ‘సే’ యును ‘కొను’ కాదు. ‘లేవంతార్’ అనగా లేపుట, ‘లేవంతార్సే’ అనగా లేచుట. ఇచ్చట మనకు ‘కొను’ లేదు, క్రియయే మాఱును. “సే లో దోయ్” అనగా అతనికి దానిని ఇచ్చుచున్నాను అని యర్థము. ‘లే’ యను శబ్దము ‘లో’ ముందు నిలువలేక ‘సే’ వేషము వేసికొన్నది గాని అది ఆత్మార్థకము కాదు. మఱియు స్పానిషున పురుషభేదమునుబట్టి మే, తే, నోస్ అని మాఱును; మన ‘కొను’ అందఱికిని ఒక్కటియే. ఈ తేడాలను గురువు చెప్పవలసినదే. పోలిక తెలిసినవానికి తేడా నిలుచును. పోలిక తెలియనివాడు అంతయు బట్టీయము పెట్టి పరీక్ష మఱునాడు మఱచును.

ఇంగ్లీషు తగినది కాదని నే ననుట లేదు. ఇంగ్లీషు నేర్చుకొనుడు, బాగుగా నేర్చుకొనుడు. మనకును స్పానిషునకును ఉమ్మడిగా నున్న గుర్తులను ఇంగ్లీషు చెరిపివేయుచున్నదనియే నా వాదము. గుర్తులు చెరిపిన పటమును చేతికిచ్చి బాలుని అడవిలో విడుచుట ఏమి బోధన?

ఈ విషయమున మన మండలమునకే చెందిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు (1863–1940) మనకు దారి చూపిరి. శ్రీముఖలింగము చెంత జనించి, విజయనగరమున చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన ఆయన సవరభాషను పుస్తకము చూచి నేర్వలేదు, పుస్తకమే లేదు గనుక. సవరలతో మాటలాడి నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరభాషలో ‘నన్ను’, ‘నిన్ను’ అను అర్థమిచ్చు ప్రత్యయములు క్రియకే అంటుకొనును. స్పానిషువాడు ఆజ్ఞాపించునపుడు “దీమెలో” అని, అనగా ‘చెప్పుము, నాకు, దానిని’ అను మూడింటిని ఒక్క పదముగా కుట్టివేయుట ఆ సవర బాలునకు వింతగా తోచదు. కాని ఆ బాలుడు తరగతిలో వెనుకబల్లపై, తన భాషకు వ్యాకరణమే లేదను నమ్మకముతో కూర్చుండును. ఈ నమ్మకమును అతనికి కలిగించినవారము మనమే.

తల్లిదండ్రులారా, ఇంట తెలుగున మాటలాడిన పరభాష రాదను భయమును విడువుడు. ఉపాధ్యాయ మిత్రులారా, తెలుగు పండితులును ఇంగ్లీషు ఉపాధ్యాయులును వారమునకు ఒక్క గంట ఒకే తరగతిలో కలిసి నిలువరాదా? మొదటి దినమునకు పాఠ్యపుస్తకము వలదు. తలుపు గాలికి తెరచుకొన్నపుడు, తెరచినదెవరని పిల్లల నడుగుడు. వారు చెప్పు సమాధానములను నల్లబల్లపై వ్రాయుడు. సవర బాలుడున్నచో అతని భాషలోని వాక్యమును గూడ ఆ వరుసలోనే వ్రాయుడు.